ఎనిమిది సెమిస్టర్లు, ఒకే కాగితం: సీఎస్‌ఈ విద్యార్థి కోర్సుల ప్రణాళిక వేసుకోవడం ఎలా?

నేను బీటెక్ మూడో సంవత్సరంలో ఉండగా ఎలక్టివ్ ఫారాలు పొద్దున పంచి, మధ్యాహ్నం భోజనాల లోపు ఇచ్చేయమన్నారు. వెనక బెంచీలోంచి ఎవరో "ఇది ఈజీ అంటరా, పాత పేపర్లే రిపీట్ అవుతాయంట" అన్నారు. క్లాసంతా అదే రాశాం. మార్కులు బాగానే వచ్చాయి. ఏడాది తిరిగాక ఇంటర్వ్యూలో ఆ ఎలక్టివ్ గురించి చెప్పమంటే రెండు వాక్యాలు దాటి నోరు పెగల్లేదు. చదువులో మన చేతికొచ్చే నిర్ణయాలు కొన్నే. ఆ కొన్నీ ఇలా పూటలో తేలిపోకూడదు.

టైంటేబుల్ కాలేజీ వాళ్లే ఇస్తారు, మనం ఎంచుకునేదేముంది అని చాలామంది అనుకుంటారు. ప్రొఫెషనల్ ఎలక్టివ్‌లు, ఓపెన్ ఎలక్టివ్‌లు, ఆన్‌లైన్ కోర్సులు, ఆనర్స్, మైనర్, ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు: వీటిలో మీ మాటకు చోటుంది. ముందే చూసుకున్నవాళ్లకే ఆ చోటు కనిపిస్తుంది.

1. రెగ్యులేషన్ పుస్తకం దగ్గర పెట్టుకోండి

మీ బ్యాచ్ ఏ రెగ్యులేషన్ కిందికి వస్తుందో ముందు తెలుసుకోండి. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో ఆర్22, ఆంధ్రప్రదేశ్ జేఎన్‌టీయూల్లో ఆర్23 అలాంటివే. అటానమస్ కాలేజీకి సొంత పుస్తకం ఉంటుంది. సీనియర్ల సిలబస్ మీది కాకపోవచ్చు. మీ పుస్తకంలోంచి కోర్స్ స్ట్రక్చర్ పేజీలు, పాస్, ప్రమోషన్ నిబంధనల పేజీలు ప్రింటు తీసుకోండి.

ప్రతి సబ్జెక్టు పక్కన ఎల్, టీ, పీ, సీ అని నాలుగు గళ్లుంటాయి: లెక్చర్, ట్యుటోరియల్, ప్రాక్టికల్, క్రెడిట్లు. వారానికి గంట లెక్చర్‌కి ఒక క్రెడిట్, రెండు గంటల ల్యాబ్‌కి ఒక క్రెడిట్. అంటే 1.5 క్రెడిట్ల ల్యాబ్ వారంలో మూడు గంటలు తీసుకుంటుంది. ఈ రెండు రెగ్యులేషన్లలోనూ డిగ్రీకి 160 క్రెడిట్లు కావాలి, సెమిస్టరుకు సగటున 20. క్రెడిట్లు లేని మాండేటరీ కోర్సుల్ని కూడా తేలిగ్గా తీసుకోకండి, అవీ పాసవ్వాల్సిందే.

2. ఎనిమిది గళ్లు గీయండి

పెద్ద చార్టు తీసుకుని సెమిస్టరుకో గడి గీయండి. ఈసెట్ రాసి రెండో ఏట చేరినవాళ్లకు ఆరు గళ్లు చాలు. తప్పనిసరి సబ్జెక్టులు నీలం పెన్నుతో, మీరు ఎంచుకోవాల్సినవి ఎర్ర పెన్నుతో రాయండి. ఎరుపు ఎక్కువగా మూడు, నాలుగు సంవత్సరాల్లో కనిపిస్తుంది. అక్కడ సబ్జెక్టు పేరు ఇంకా రాయకండి, ఖాళీ ఉంచండి.

3. సబ్జెక్టుల మధ్య బాణాలు గీయండి

అసలు పని ఇదే. దీనికి ఒక సాయంత్రం పూర్తిగా ఇవ్వండి.

ఒక్క దారి చూపిస్తాను. డిస్క్రీట్ మ్యాథమెటిక్స్‌లో గ్రాఫ్ అనే అధ్యాయం ఉంటుంది: చుక్కలు, వాటిని కలిపే గీతలు. డేటా స్ట్రక్చర్స్‌కి వచ్చేసరికి అదే గ్రాఫ్‌ని మెమరీలో ఎలా దాచాలో, బీఎఫ్‌ఎస్, డీఎఫ్‌ఎస్‌లతో ఎలా తిరగాలో నేర్చుకుంటాం. అల్గారిథమ్స్‌లో డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతితో అతి దగ్గరి దారి కనుక్కుంటాం. కంప్యూటర్ నెట్‌వర్క్స్‌లో ఓఎస్‌పీఎఫ్ అనే రూటింగ్ ప్రోటోకాల్ ఆ పద్ధతితోనే ప్యాకెట్లకు దారి చూపిస్తుంది. నాలుగు సబ్జెక్టుల్లో నడిచింది ఒకే ఆలోచన. మొదటి దగ్గర వదిలేస్తే నాలుగో దగ్గర బట్టీ పట్టడమే గతి.

ఇలాగే మరికొన్ని:

- ఎం1 పరీక్షలో రాసి మరచిపోయిన ఐగెన్ వాల్యూలు మెషిన్ లెర్నింగ్‌లో పీసీఏగా ఎదురవుతాయి. ప్రాబబిలిటీ బాణం కూడా అక్కడికే.
- ఆటోమాటా నుంచి కంపైలర్ డిజైన్‌కి.
- కంప్యూటర్ ఆర్గనైజేషన్ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్స్‌కి, అక్కడి నుంచి క్లౌడ్ కంప్యూటింగ్‌కి.

ఏ సబ్జెక్టు నుంచి ఎక్కువ బాణాలు బయలుదేరుతున్నాయో చూడండి. వాటిలో పాస్ మార్కులతో సరిపెట్టుకోవద్దు.

4. చివరి నుంచి వెనక్కి రండి

చార్టు చివర మీ గమ్యం రాయండి. ఇప్పటికి అనుకున్నది చాలు, తర్వాత మార్చుకోవచ్చు.

ఉద్యోగమైతే, క్యాంపస్ నియామకాలు చాలా కాలేజీల్లో ఏడో సెమిస్టర్‌లో ఊపందుకుంటాయి. డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ మూడో ఏడు ముగిసేలోపు గట్టిపడాలి. చాలా కంపెనీలు బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లను పరీక్షకే కూర్చోనివ్వవు.

గేట్ అయితే, మూడో సంవత్సరంలోనే రాయొచ్చు. సీఎస్ పేపర్ 100 మార్కులకు, మూడు గంటలు. అందులో 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్‌కి. ఆ సిలబస్‌లో మెషిన్ లెర్నింగ్ లేదు. దానికి 2024 నుంచి డీఏ అనే వేరే పేపర్ ఉంది. కాబట్టి ఏ పేపరో తేల్చుకున్నాకే ఎలక్టివ్ ఎంచుకోండి.

పైచదువుకు విదేశం వెళ్లాలనుకుంటే, ట్రాన్‌స్క్రిప్ట్‌లో మీ ఎలక్టివ్‌లు, ప్రాజెక్టు ఒకే దిశలో సాగితే మీరు ఏం చదవాలనుకుంటున్నారో అదే చెబుతుంది.

5. ఎర్ర గళ్లు నింపండి

ఒక్కో ఎలక్టివ్‌కి ఈ నాలుగు ప్రశ్నలు వేయండి.

- దీనికి వచ్చే బాణాలు నాలో బలంగా ఉన్నాయా?
- ఐదు యూనిట్ల సిలబస్ చదివితే ఇంకా తెలుసుకోవాలనిపించే యూనిట్లు కనీసం రెండున్నాయా?
- ఎవరు చెబుతారు? ఆ మేడమ్‌ని లేదా సార్‌ని కలిసి అడగండి.
- దీనితో ఒక చిన్న ప్రాజెక్టు చేయగలనా?

రెండో ఎంపిక కూడా పెన్సిల్‌తో రాసుకోండి. తగినంత మంది చేరకపోతే కాలేజీ ఆ ఎలక్టివ్ నడపకపోవచ్చు. మీకు కావాల్సినదానికి మనుషులు చాలరనిపిస్తే ఫారం రాకముందే తోటివాళ్లతో మాట్లాడండి.

6. ఎన్‌పీటెల్, ఆనర్స్, మైనర్

కాలేజీలో లేని సబ్జెక్టుకు ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సులు మంచి దారి. జనవరిలో, జులైలో కోర్సులు మొదలవుతాయి. నేర్చుకోవడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి సెంటర్‌లో పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం. 12 వారాల కోర్సుకు సాధారణంగా 3 క్రెడిట్లు. మీ కాలేజీ ఆ క్రెడిట్లు కలుపుతుందో లేదో చేరకముందే డిపార్ట్‌మెంట్‌లో రాతపూర్వకంగా అడగండి.

ఆనర్స్ లేదా మైనర్‌కి 160 పైన మరికొన్ని క్రెడిట్లు చేయాలి, ఎన్నో మీ రెగ్యులేషన్‌లో చూసుకోండి. మామూలు సబ్జెక్టులే బరువుగా ఉంటే దీని జోలికి వెళ్లకండి. ఒక మంచి ప్రాజెక్టు అంతకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

7. సెమిస్టర్ ముగిసిన ప్రతిసారీ సరిచూసుకోండి

ఫలితాలు వచ్చిన రోజే చార్టు ముందు కూర్చోండి. వచ్చిన క్రెడిట్లు కలపండి. సప్లీ ఉంటే ఏ సెమిస్టర్‌లో రాస్తారో అక్కడ వేయండి, ఆ గడిలోంచి వేరే బరువొకటి తీసేయండి. చార్టును ఫొటో తీసి మీ మెంటర్‌కి, నమ్మకమైన ఒక సీనియర్‌కి చూపించండి.

ఇంట్లో మొదటిసారి ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఇవన్నీ చెప్పేవాళ్లు ఉండరు. మీకు తెలిసింది మీ జూనియర్‌కి చెప్పండి. ఈ ఆదివారం చార్టు కొని గళ్లు గీయండి. ఎలక్టివ్ ఫారం ఏ పొద్దున చేతికొచ్చినా భోజనాల వేళకు మీ జవాబు సిద్ధంగా ఉంటుంది, వెనక బెంచీ వైపు చూడాల్సిన పని ఉండదు.