పలుచని ఇనుప రేకు - టిగ్ వెల్డింగు: ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఒక మిల్లీమీటరు ఎం.ఎస్. రేకులతో పెట్టెలు చేయుచున్నాను. కరెంటు ఎంత తగ్గించినను అతుకు నడుమ చిల్లులు పడుచున్నవి, రేకు వంకరపోవుచున్నది. దోషమెక్కడ?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చిల్లు పడినంతనే కరెంటు తగ్గించుట సహజమే గాని, మితిమీరి తగ్గించినచో లోహము కరగువరకు టార్చిని ఒకేచోట నిలుపవలసివచ్చును, ఆలోగా ఉష్ణము రేకంతటను వ్యాపించి, అతుకు ఏర్పడువేళకు అంచులు మెత్తబడి జారిపోవును. కావున కరెంటును 35 నుండి 45 ఆంపియర్ల నడుమ నుంచి, 1.6 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్‌ను నిలువుగా సూదిమొనవలె నూరి, మొనకును రేకునకును ఒకటిన్నర మిల్లీమీటరుకంటె ఎక్కువ ఎడము లేకుండ పట్టి, లోహము కరగి కనబడినంతనే ముందునకు సాగవలెను. అంచులు సందులేకుండ కలియుట అత్యావశ్యకము. సందున్నచో రెండంచులును వేర్వేరుగా కరగి వెనుకకు ముడుచుకొనును. అంగుళమున కొకటి చొప్పున టాకింగు వేసి, వెనుక రాగిపట్టీ బిగించినచో అధికోష్ణమును అది గ్రహించును. ఏకధాటిగా పోక, ఎడమెడముగా చిన్న అతుకులు వేయుచు చల్లారనిచ్చినచో వంకరయు తగ్గును.

ప్రశ్న: అతుకునిండ సన్నని రంధ్రములు, పైన మసి. టంగ్‌స్టన్ మొన మాటిమాటికి పాడగుచున్నది. యంత్రమును మార్చవలెనా?
— ఒక ఐ.టి.ఐ. విద్యార్థి, వరంగల్లు

జవాబు: యంత్రమును నిందించుటకు పూర్వము రేకును, వాయువును పరీక్షింపుడు. ఆర్క్ వెల్డింగు రాడ్డుకు గల పూత కొంత మాలిన్యమును సహించును. టిగ్ పద్ధతియందు అట్టి రక్షణ లేదు గనుక, నల్లపొరయు, తుప్పును, నూనెయు ఏమాత్రము మిగిలినను అతుకును చెరచును. ఇరుప్రక్కల అంగుళము మేర మెరయునట్లు రుద్ది, ఎసిటోనుతో తుడిచి, అది పూర్తిగా ఆరిన పిదపనే ఆర్క్ వెలిగింపవలెను. జింకుపూత యున్నచో దానిని ముందే తొలగింపవలెను; దాని పొగ ఆరోగ్యమునకు హానికరము. గ్యాసు వెల్డింగు కడ్డీలకు మారుగా, ఆమ్లజనిని బంధింపగల సిలికాన్, మాంగనీసులున్న ఈఆర్70ఎస్-2 ఫిల్లరు వాడుడు. వాయువు శుద్ధమైన ఆర్గాన్ కావలెను. మిగ్ పనికై బొగ్గుపులుసు వాయువు కలిపిన సిలిండరు తగిలించినచో టంగ్‌స్టన్ దగ్ధమగును. ప్రవాహము నిమిషమునకు 6 నుండి 8 లీటర్లు చాలును; అతిగా వదలినచో సుడులు పుట్టి బయటి గాలినే లోనికి లాగును. ఫ్యానుగాలి సోకనీయరాదు; ఆర్క్ ఆరిన పిమ్మట 5 సెకన్లపాటు టార్చిని కదల్పరాదు. టార్చి నెగెటివునకే తగిలియున్నదా యని చూడుడు. మొన కరగిన లోహమును తాకినచో వెంటనే ఆపి తిరిగి నూరుడు.

వీనిలో నొక్కొక్కదానినే మార్చి, తునక రేకుపై పరీక్షింపుడు. అన్నింటిని ఒక్కమారే మార్చినవానికి అతుకు కుదిరినను, కుదిరిన కారణము తెలియదు, కారణము తెలియని పనివాడు రేపటి లోపమును సరిదిద్దజాలడు.