చిట్టిరొయ్య - పెద్దలెక్క

భూగోళమును తలక్రిందులుగా త్రిప్పి చూచినచో అడుగున తెల్లగా నుండు ఖండము పైకి వచ్చును. అది అంటార్కిటికా. ఆ ఖండమును వలయమువలె చుట్టుకొని దక్షిణ మహాసముద్రము కలదు. శీతకాలమున ఆ సముద్రముపై నీరు గడ్డకట్టి, ఖండము కంటెను విశాలమైన మంచుపలకగా మారును. వేసవిలో అందు చాలభాగము కరగిపోవును. ఏటేట జరుగు ఈ గడ్డకట్టుటపైనను, కరగుటపైనను ఆధారపడి బ్రదుకు ప్రాణులెన్నో కలవు. వానిలో ముఖ్యమైనది వ్రేలెడు పొడవైన లేని యొక చిన్న జలచరము. దానిని క్రిల్ అందురు. ఇది నార్వే దేశపు భాషనుండి వచ్చిన మాట. చేపపిల్ల యని దాని యర్థము. కాని క్రిల్ చేప కాదు.

చూపునకు అది రొయ్యవలె నుండును. గోదావరీ కృష్ణా తీరములందలి సంతలలో రొయ్యలను చూచినవారికి దాని రూపమును వేరుగా వర్ణింప నక్కరలేదు. పూర్తిగా పెరిగిన క్రిల్ పొడవు సుమారు 6 సెంటీమీటర్లు. బరువు రెండు గ్రాములు. దేహము గాజువలె పారదర్శకము. అందుచేత అది మేసిన పచ్చనాచు కడుపులో నుండగనే పైకి కనబడును. చీకటిలో నీలికాంతిని వెలిగించును. ఐదారు సంవత్సరములు జీవించును. ఒంటరిగా తిరుగుట దానికి తెలియదు. కొన్ని గుంపులలో ఒక్క ఘనమీటరు నీటిలోనే పదివేలకు పైగా క్రిల్‌లు క్రిక్కిరిసి యుండును. దక్షిణ మహాసముద్రములోని క్రిల్ నంతటిని తూచగల్గినచో 30 కోట్ల నుండి 50 కోట్ల టన్నుల వరకు తూగునని శాస్త్రజ్ఞుల అంచనా.

ఆ సముద్రములో క్రిల్ నాశ్రయింపని పెద్ద ప్రాణి యరుదు. నీలి తిమింగలము, పెంగ్విన్ పక్షులు, ఆల్బట్రాసులు, సీళ్లు, చేపలు, అన్నింటికిని అదియే అన్నము. అక్కడ పీతలుతిను సీలు అని పిలువబడు జంతువొకటి కలదు. ఆ పేరు పెట్టినవారు దాని భోజనమును సరిగా చూచినట్లు లేదు. అది తినునది పీతలను కాదు, క్రిల్‌నే.

క్రిల్ పిల్లలు తమ మొదటి శీతకాలమును మంచుపలక క్రింద గడపును. మంచు అడుగున అంటుకొని పెరిగెడి నాచును గీకి తినుచు అవి వేసవివరకు ప్రాణములు నిలుపుకొనును. మంచు ఆలస్యముగా ఏర్పడినను, వేగముగా కరగినను వాని పంట చెడును. 2023 ఫిబ్రవరిలో అంటార్కిటికా సముద్రపు మంచు, ఉపగ్రహములతో కొలుచుట ఆరంభమైన నాటినుండి ఎన్నడును లేనంతగా తగ్గి, 18 లక్షల చదరపు కిలోమీటర్లకు లోబడినది. దక్షిణ అట్లాంటిక్ భాగమున నలువది సంవత్సరములలో క్రిల్ నివాసకేంద్రము సుమారు 440 కిలోమీటర్లు దక్షిణమునకు, అనగా చలివైపునకు, జరిగినదని 2019లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. క్రిల్ సంఖ్య తగ్గినదా లేదా యను విషయమున మాత్రము శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయము లేదు. అంతటి సముద్రములో వలవేసి లెక్కించుట యెంత కష్టమో దీనినిబట్టియే ఊహింపవచ్చును.

క్రిల్ మంచుపై ఆధారపడుటయే కాదు, వాతావరణమునకు ఉపకారమును చేయుచున్నది. సముద్రపు నాచు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి పెరుగును. ఆ నాచును క్రిల్ మేయును. దాని మలము చిన్నచిన్న కడ్డీలుగా బరువెక్కి, వేగముగా లోతునకు దిగిపోవును. దానితోపాటు కర్బనమును అడుగునకు చేరి, నూరేండ్లకు పైగా పైకి రాదు. ఈ విధముగా ఏటేట సుమారు రెండుకోట్ల టన్నుల కర్బనము సముద్రగర్భమున దాగుచున్నదని 2024లో వెలువడిన యొక పరిశోధన తెలుపుచున్నది.

క్రిల్‌ను గూర్చిన జ్ఞానము ఒక్కనాటిలో లభించినది కాదు. 1921లో షాకిల్‌టన్ తన చివరి దక్షిణయాత్రకు బయలుదేరునపుడు స్కౌటు బాలు రిద్దరిని వెంట తీసికొనిపోయెను. వారిలో జేమ్స్ మార్ అను స్కాట్లండు యువకుని వయస్సు అప్పటికి పదునెనిమిదేండ్లు. ఆ యాత్రలో షాకిల్‌టన్ మరణించెను. మార్ సముద్రమును విడువలేదు. 1925లో బ్రిటిషువారు తిమింగలముల జీవితమును పరిశోధించుటకై డిస్కవరీ యాత్రలను ప్రారంభించిరి. తిమింగలపు నూనెపై వేసిన పన్నుతోనే ఆ పరిశోధన సాగుట గమనింపదగిన విషయము. తిమింగలమును తెలిసికొనగోరువారు దాని యాహారమును తెలిసికొనక తప్పదు. మార్ ఆ పనిలో చేరి, ఏండ్ల తరబడి సేకరించిన విషయములతో 1962లో క్రిల్‌ను గూర్చి బృహద్గ్రంథము ప్రకటించెను.

అదే కాలమున సోవియట్ ఓడలు క్రిల్‌ను పట్టుటకు ప్రయత్నములు మొదలుపెట్టినవి. 1970 తరువాత ఆ వేట పెద్దదయ్యెను. 1982 నాటికి సాలుకు పట్టిన క్రిల్ 5,28,000 టన్నులకు చేరినది. క్రిల్‌ను పట్టుట సులభమే కాని నిలువచేయుట సులభము కాదు. చనిపోయిన కొన్ని గంటలలోనే దాని కడుపులోని జీర్ణరసములు దాని దేహమునే కరగించివేయును. అందుచేత ఓడయే కర్మాగారము కావలెను. పట్టినది పట్టినట్లు ఉడికించి, ఎండించి, పిండిచేయు యంత్రములు ఓడలోనే యుండును. ఈ పిండి చేపల మేతలోను, రొయ్యల మేతలోను కలియును. నార్వే దేశమున పెంచెడి సాల్మన్ చేపల మాంసమునకు వన్నె తెచ్చుటకును అది తోడ్పడును. దానినుండి తీసిన నూనె గుండెకు మేలుచేయునను పేరుతో మందుల దుకాణములలో బిళ్లలుగా అమ్ముడుపోవుచున్నది.

అందరికిని అన్నమైనదానిని ఓడలు అపరిమితముగా పట్టుకొనిపోయినచో తిమింగలముల గతి యేమి? ఈ భయముతో కొన్ని దేశములు 1980లో కాన్బెర్రా నగరమున ఒడంబడిక చేసికొన్నవి. అది 1982లో అమలులోనికి వచ్చినది. దాని ననుసరించి యేర్పడిన సంఘము ఆస్ట్రేలియాలోని హోబర్టు పట్టణమున ప్రతి సంవత్సరము సమావేశమగును. భారతదేశము కూడ అందు సభ్యదేశము. పట్టెడి ప్రాణిని మాత్రమే కాక, దానిని తిని బ్రదుకు ప్రాణులను గూడ దృష్టిలో నుంచుకొనియే వేట సాగవలెనని ఆ ఒడంబడిక శాసించినది. ఆ దినములలో ఇట్టి నియమము క్రొత్తది. సంఘమున ఏ నిర్ణయమైనను సర్వసమ్మతిగా జరుగవలెను. ఒక్క దేశము కాదన్నను ఆగిపోవును.

దక్షిణ అట్లాంటిక్ భాగమున సాలుకు 6,20,000 టన్నులు పట్టినతోడనే వేట ఆగవలెనని సంఘము హద్దు పెట్టినది. పూర్వము వేర్వేరు ప్రాంతములలో అత్యధికముగా పట్టిన మొత్తములను కూడగా వచ్చిన సంఖ్య యిది. 2019లో జరిపిన కొలతలో అక్కడి క్రిల్ 6 కోట్ల 26 లక్షల టన్నులని తేలినది. అనగా హద్దు నూటికి ఒక వంతు మాత్రమే. ఓడల యజమానులు తరచుగా చెప్పెడి మాట యిదియే. అది అసత్యము కాదు. కాని ఊరిలో నూరు బావులున్నను, అందరును ఒక్క బావినే తోడినచో ఆ బావి ప్రక్కనున్న ఇంటివారికి నీరు దొరకదు. క్రిల్ ఓడలు సముద్రమంతట సమముగా తిరుగవు. గుంపులు దట్టముగా నుండు అంటార్కిటికా ద్వీపకల్పపు తీరములకే చేరును. పెంగ్విన్లు తమ పిల్లలకు మేతకై దిగెడి తావులును అవియే. ఈ కారణముచేత 2009లో సంఘము హద్దును ప్రాంతముల వారీగా పంచి, ద్వీపకల్పమునకు 1,55,000 టన్నులు మాత్రమే విధించెను. 2018లో పలు కంపెనీలు పెంగ్విన్లు పిల్లలను పెంచు కాలమున వాని నివాసములకు దగ్గరగా వేటాడబోమని తమంత తాము ప్రకటించినవి.

హద్దు ఉన్నచోట లెక్క ఉండవలెను. లెక్క వ్రాయువా డెవడు? ప్రతి క్రిల్ ఓడమీదను ఒక పరిశీలకు డుండవలెనని నియమము. అతడు వలలో పడినవానిని పరీక్షించి, క్రిల్ పొడవులు కొలిచి, చిక్కుకొన్న పక్షులను, సీళ్లను నమోదుచేయును. 2021లో తిమింగలపు పిల్లలు వలలో చిక్కి మరణించిన సంగతి లోకమునకు తెలియుటకు ఇట్టి నమోదులే కారణము. ఇక క్రిల్ బరువు విషయము. క్రొత్తరకపు ఓడలలో వలను పైకి లాగరు. వలకు గొట్టము తగిల్చి, క్రిల్‌ను నీటితోసహా ఎడతెగక పైకి తోడుదురు. గొట్టములో వచ్చునది క్రిల్ ఎంత, నీరెంత? కొందరు తొట్టిలోని ఘనపరిమాణమును బట్టి లెక్కింతురు. కొందరు ప్రవాహమాపకముతో కొలుతురు. మరికొందరు చివరకు వచ్చిన పిండిని తూచి, దానిని ఒక గుణకముతో హెచ్చవేసి పచ్చిక్రిల్ బరువును రాబట్టుదురు. పద్ధతి మారినచో ఫలితమును మారును. అందుచేత ఏ పద్ధతిని అనుసరించినదియు ఓడవారు సంఘమునకు తెలుపవలసియున్నది. గుణకమున పదింట ఒకటి తప్పినచో 6,20,000 టన్నులలో 62,000 టన్నులు కనబడక పోవును.

ఇటీవలి కాలమున కంపెనీలు రెండవ లెక్క నొకదానిని గూడ ప్రకటించుచున్నవి. అది పొగ లెక్క. 2001లో వెలువడిన హరితవాయు లెక్కల ప్రమాణము దీనిని మూడు భాగములుగా విభజించినది. ఓడలో కాలిన డీజిలు మొదటిది. కొన్న విద్యుచ్ఛక్తిని ఉత్పత్తిచేయుటలో వెలువడిన పొగ రెండవది. ఇతరుల చేతులలో జరుగునది మూడవది. వల నేసినచోట, సరకు మోసిన అద్దె ఓడలలో, మేత చేరిన చెరువులలో వెలువడునదంతయు దానికి చెందును. మన దేశమునను మార్కెట్టు విలువలో మొదటి 1,000 కంపెనీలు 2022-23 నుండి ఇట్టి నివేదికలను సమర్పించుట విధియైనది. మూడవ భాగమును మాత్రము ఆ నివేదికలో ఐచ్ఛికముగా నుంచిరి. క్రిల్ వ్యాపారములో మొదటి భాగమే ప్రధానము. వేటస్థలమునకు పోవుట, వల నీడ్చుట, యంత్రములను నడుపుట, క్రిల్‌ను ఉడికించి యెండించుట, అన్నిటికిని నూనెయే ఆధారము. పిండి బస్తాలను సముద్రమధ్యముననే మరియొక ఓడకెత్తి ఉరుగ్వే దేశపు మాంటివిడియో రేవునకు పంపుటయు కలదు. బరువైన నల్లనూనెను అంటార్కిటిక్ జలములలో వాడుట 2011 ఆగస్టు నుండి నిషిద్ధము.

ఈ రెండవ లెక్కను చదువుట యెట్లో ఒక ఊహాత్మకమైన ఉదాహరణముతో చూడవచ్చును. ఒక కంపెనీ మొదటి సంవత్సరమున లక్ష టన్నుల క్రిల్‌ను పట్టి, పదివేల టన్నుల నూనెను కాల్చినదనుకొందము. టన్నుకు నూరు కిలోల నూనె. రెండవ సంవత్సరమున రెండులక్షల టన్నులు పట్టి, పదునారువేల టన్నులు కాల్చినది. టన్నుకు ఎనుబది కిలోలు. నివేదికలో "నూటికి ఇరువది తగ్గించితిమి" అని వ్రాసినను అబద్ధము కాదు. కాని గాలిలో చేరిన పొగ నూటికి అరువది పెరిగినది. గాలికి టన్నుకింత యను భాగహారము తెలియదు.

ఇందులో మరియొక చిక్కు కలదు. గుంపులు దట్టముగా నున్న చోటనే ఓడ నిలిచి పట్టినచో నూనె తక్కువ కాలును. పొగ లెక్క చక్కబడును. దూరముగా పలుచోట్ల తిరిగి పట్టినచో నూనె ఎక్కువ కాలును, లెక్క చెడును. కాని దట్టమైన చోటు పెంగ్విన్ల చోటు. అచ్చటికి పోకుండుటయే వానికి మేలు. కాబట్టి ఒక లెక్కకు మంచిదైన పని రెండవ లెక్కకు చెడుగు కావచ్చును. రెండు లెక్కలను ఒకే పుటలో ప్రక్కప్రక్కన చూపు నివేదిక నిజమైన నివేదిక. మంచు తగ్గుటచే క్రిల్‌కు, దానితో వ్యాపారమునకు, కలుగు నష్టభయమును గూడ అందు చూపవలసియున్నది. ఏలయన ఓడ వదలిన పొగయు ఆ మంచు కరుగుటకు కొంత కారణమే.

2024 అక్టోబరున హోబర్టు సమావేశములో సభ్యదేశములకు సమ్మతి కుదరలేదు. ప్రాంతముల వారీగా హద్దును పంచిన 2009 నాటి నియమము గడువు తీరి తొలగిపోయెను. 6,20,000 టన్నుల మొత్తము మాత్రము నిలిచినది. మరుసటి వేటకాలమున ఓడలు ద్వీపకల్పపు తీరమున గుమిగూడినవి. అచ్చట పట్టినది పూర్వపు హద్దగు 1,55,000 టన్నులను ఎంతో దాటిపోయెను. పరిశీలకుల లెక్కలు, ఓడల లెక్కలు హోబర్టునకు చేరుచుండగా మొత్తము పెరిగి పెరిగి హద్దును తాకినది. ఈ వేట చరిత్రలో అట్లు జరుగుట అదియే ప్రథమము. 2025 ఆగస్టు 1వ తేదీన వేట మూతపడెను. వేటకాలము నవంబరు 30 వరకు గలదు. ఇంకను నాలుగు మాసములు మిగిలియుండగనే ఓడలు వలలను పైకి తీసినవి.