జారే కారు పాఠం



పోయిన నెల మన హాస్టల్లో రాత్రిపూట జరిగిన గొడవ మీ అందరికీ తెలిసినదే. దానికి నన్ను క్షమాపణ కాగితం రాసి ఇవ్వమన్నారు. రాశాను. సైన్సు మాస్టారు అది చదివి, "తప్పు చేశాను అని ఇందులో నాలుగుసార్లు ఉంది, ఏం తప్పు చేశావో ఒక్కసారి కూడా లేదు. పాఠంలాగ రాసి గోడకి పెట్టు" అన్నారు. అందువలన ఇది రాస్తున్నాను. ముందు కారు గురించి చెప్తాను. కారు తెలియకపోతే బ్యాటరీ సంగతి అర్థం కాదు.

విశాఖపట్నంలో ఇంజనీరింగు చదివిన ఒక అన్న ఎండాకాలం సెలవులకు ముందు మన స్కూలుకు వచ్చి మూడు రోజులు ఉన్నారు కదా, ఆయన తన పాత రిమోట్ కారు సైన్సు గదికి ఇచ్చి వెళ్లారు. సంతలో అమ్మే బొమ్మ కారు లాంటిది కాదు అది. నిజం కారులో పదో వంతు ఉంటుంది. విప్పవచ్చు, మళ్లీ బిగించవచ్చు. మా నాన్న చూడ్డానికి వచ్చినప్పుడు చూపిస్తే, "ఇది ఏ ఊరు తీసుకెళ్తాది?" అని అడిగాడు. ఏ ఊరూ తీసుకెళ్లదు. జారుతుంది, అంతే. ఆ జారడమే మా పని.

డ్రిఫ్టు అనగా ఏమి?

మలుపులో కారు వెనక భాగం పక్కకి జారిపోతూ ఉండగా, పడిపోకుండా, ఆగిపోకుండా అలాగే నడుపుతూ వెళ్లడాన్ని డ్రిఫ్టు అంటారు. ఇది జపాను దేశంలో బాగా పెరిగింది. అక్కడ కొండల మీద మన పాడేరు ఘాట్ లాగ మెలికల రోడ్లు ఉన్నాయి. వాటిని తోగే అంటారు. 1970 ప్రాంతంలో కునిమిత్సు తకహాషి అనే పందెం డ్రైవరు మలుపుల్లో ఇలా జార్చేవాడు. అది చూసి కేయిచి త్సుచియా అనే ఆయన కొండ రోడ్ల మీద నేర్చుకొని "డ్రిఫ్టు రాజు" అని పేరు తెచ్చుకున్నాడు. ఆయన నడిపిన కారు టొయోటా ఏఈ86. దానికి ఇంజను ముందు ఉంటుంది, తిరిగేది వెనక చక్రాలు. 2001లో డి1 గ్రాండ్ ప్రి అని దీనికి పెద్ద పోటీ మొదలైంది. ఇందులో ఎవరు ముందు వచ్చారని కాక, ఎంత కోణంలో జారింది, ఏ దారిన పోయింది, ఎంత వేగం అని చూసి మార్కులు వేస్తారు. రెండు కార్లు ఒకదాని వెనక ఒకటి అంటుకున్నట్టు జారుతూ పోయే పోటీ కూడా ఉంది.

రిమోట్ కార్లు కూడా జపానువే పేరుపొందినవి. షిజువోకా పట్టణంలోని టామియా కంపెనీ 1976లో తన మొదటి రిమోట్ కారు, పోర్షే 934, అమ్మింది. తర్వాత చాలా ఏళ్లకు పెద్ద కార్ల డ్రిఫ్టు చూసి చిన్న కార్లతోనూ చెయ్యడం మొదలుపెట్టారు.

(ఘాట్ రోడ్డులో మన బస్సు డ్రైవరు ఇలా జారుస్తాడా అని ఆరో తరగతి చెల్లి అడిగింది. జారిస్తే మనం ఉండం. పెద్ద కార్లతో దీన్ని రోడ్డు మూసేసి, లేదా మైదానంలోనే చెయ్యాలి.)

ఎలా జారుతుంది?

ఘర్షణ పాఠం గుర్తు తెచ్చుకోండి. చక్రం నేలని పట్టుకొని దొర్లుతున్నంత సేపూ నేలకి తగిలే చోట అది జారదు. అక్కడ పనిచేసేది స్థైతిక ఘర్షణ. చక్రం నేల కంటే వేగంగా గిరగిర తిరిగితే పట్టు వదిలేసి జారుతుంది. అప్పుడు పనిచేసేది జారుడు ఘర్షణ. ఇది స్థైతిక ఘర్షణ కంటే తక్కువ. మలుపులో వెనక చక్రాలను అలా తిప్పేస్తే పక్కకి పట్టు ఉండదు, జడత్వం వలన తోక బయటికి పోతుంది. అప్పుడు ముందు చక్రాలను మలుపుకి ఎదురు దిక్కు తిప్పాలి. ఎడమ మలుపులో పోతూ చక్రాలు కుడికి తిప్పడం! మొదటిసారి చూస్తే తప్పుగా కనిపిస్తుంది. నాకు వారం పట్టింది.

మేము ముగ్గురం ముందు రబ్బరు టైర్లతోనే భోజనశాల టైల్స్ మీద నడిపాం. జారలేదు. తిరగబడింది. అన్నకి మాస్టారి ఫోన్లోంచి అడిగితే, డ్రిఫ్టు కార్లకి గట్టి ప్లాస్టిక్ టైర్లు ఉంటాయని, కొనలేని వాళ్లు నీళ్ల గొట్టం కోసి వేసుకుంటారని చెప్పారు. కొత్త బాత్‌రూముల దగ్గర 63 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం ముక్క మిగిలి ఉంది. దాన్ని 26 మిల్లీమీటర్ల వెడల్పు చొప్పున నాలుగు రింగులు కోశాం. చక్రం చిన్నది, గొట్టం పెద్దది. అందుకని చక్రం మీద పాత సైకిలు ట్యూబు మూడు చుట్లు చుట్టి రింగు ఎక్కించాం. అంచులు ఉప్పు కాగితంతో గుండ్రంగా అరగదీయాలి. లేకపోతే టైల్స్ సందుల్లో తట్టుకొని కారు ఎగురుతుంది. ఇది ఎవరూ చెప్పలేదు, ఎగిరాక తెలిసింది.

తర్వాత వెనక డిఫరెన్షియల్. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి కదా, ఆ తేడాని సర్దే చిన్న పళ్లచక్రాల డబ్బా అది. డ్రిఫ్టుకి అది అడ్డం. ఒక చక్రం పట్టు వదిలితే బలమంతా దానిలోకే పోతుంది, రెండోది ఊరికే ఉంటుంది. రెండూ కలిసి తిరగాలి. మేము డబ్బా విప్పి లోపల ఎమ్‌సీల్ కూరి మూసేశాం. మళ్లీ ఊడదు, కాబట్టి ముందు మాస్టారిని అడిగాం. (అడిగి చేసిన పని ఇదొకటి.)

మా కారుకి నాలుగు చక్రాలూ తిరుగుతాయి. మొదట్లో రిమోట్ డ్రిఫ్టు అందరూ అలాంటి కార్లతోనే చేసేవారట. తర్వాత ముందు చక్రాల కంటే వెనకవి ఎక్కువ వేగంగా తిరిగేలా పళ్లు మార్చారు. ఇప్పుడు ఎక్కువమంది వెనక చక్రాలే తిరిగే కారు వాడుతున్నారు, ఎందుకంటే అది నిజం డ్రిఫ్టులాగ ఉంటుంది. మేము ముందుకి పోయే షాఫ్టు తీసేశాం. ఇంకేముంది, కారు బొంగరం అయిపోయింది. ఎంత ఎదురు తిప్పినా మన వేలు కంటే తోక ముందు పోతుంది.

దానికి మందు జైరో. అన్న పెట్టెలో అగ్గిపెట్టె కంటే చిన్నది ఒకటి ఉంది. రిసీవరుకీ, చక్రాలు తిప్పే సర్వోకీ మధ్యలో దీన్ని కలపాలి. రిసీవరు సర్వోకి సుమారు సెకనుకి 50సార్లు చిన్న కరెంటు దెబ్బలు పంపుతుంది. ఆ దెబ్బ సెకనులో వెయ్యో వంతున్నర ఉంటే చక్రాలు తిన్నగా, వెయ్యో వంతు ఉంటే ఒక పక్కకి, రెండు వెయ్యో వంతులు ఉంటే రెండో పక్కకి. జైరో కారు ఎంత వేగంగా తిరుగుతోందో కనిపెట్టి ఆ దెబ్బని తానే మార్చి ఎదురు తిప్పుతుంది. సరిగా కలిపామా లేదా అని ఇలా చూడాలి: కారుని చేత్తో ఎత్తి తోకని కుడికి విసరండి. ముందు చక్రాలు కూడా కుడికే తిరగాలి. తోక ఎటు పోతే చక్రాలు అటు. ఎడమకి తిరిగితే జైరోకి ఉన్న చిన్న బొత్తాం రెండో వైపుకి జరపాలి. లేకపోతే బొంగరం ఇంకా జోరుగా తిరుగుతుంది. జైరో బలం పెంచే మర ఒకటి ఉంటుంది. ఎక్కువ పెడితే ముందు చక్రాలు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతాయి. వణుకు ఆగే వరకు తగ్గించాలి.

ముందు చక్రాలు ఎంత ఎక్కువ తిరిగితే అంత ఎక్కువ కోణం. మంచి డ్రిఫ్టు కార్లలో 60 డిగ్రీలు కూడా దాటి తిరుగుతాయి. మాది అంత తిరగదు, అడ్డొచ్చే ప్లాస్టిక్‌ని ఆకురాయితో అరగదీశాం, ఇంకా తగులుతోంది. బ్యాటరీని కొంచెం వెనక్కి జరిపితే వెనక బరువు పెరిగి కారు తిరిగిపోకుండా ముందుకి తోసుకుపోతుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు మార్చామంటే దేనివల్ల బాగయిందో తెలియదు. అన్నిటికంటే నేల ముఖ్యం. తుడిచిన టైల్స్ మీద ఒకలాగ, ధూళి ఉంటే ఇంకోలాగ, వరండా సిమెంటు మీద అసలు జారదు, రింగులు అరిగిపోతాయి.

ఇప్పుడు బ్యాటరీ

పాత బ్యాటరీ నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం. ఆరు సెల్లులు, ఒక్కోటి 1.2 వోల్టులు, మొత్తం 7.2. పాతబడి రెండు నిమిషాలే నడిచేది. అన్న పెట్టెలో ఇంకోటి ఉంది, లిథియం పాలిమర్ రకం. రెండు సెల్లులు, ఒక్కోటి 3.7, మొత్తం 7.4. లెక్కలో ఇంచుమించు ఒకటే కదా, అదీ ఇదీ ఒకటే అనుకున్నాను. అన్న ఒక కాగితం రాసి పెట్టారు, ఇంగ్లీషులో. అందులో "కటాఫ్" అని ఒక మాట ఉంది. నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో చదువుకున్నది నేనే మొదలు, ఇంటికి వెళ్లినా అడగడానికి ఎవరూ లేరు. ఇక్కడ మాస్టారు ఉన్నారు. కానీ కారు నాకే బాగా తెలుసని అందరూ అంటుంటే, ఒక మాట తెలియదని చెప్పడానికి సిగ్గు వేసింది. జరిగిందంతా ఆ సిగ్గు వల్లే.

లిథియం సెల్లు 3 వోల్టుల కంటే కిందికి పోకూడదు. పోతే లోపల పాడవుతుంది. అక్కడికి రాగానే మోటారు ఆపేయడమే కటాఫ్. మా కారులో స్పీడు కంట్రోలరు పాత రకం బ్యాటరీ కోసం చేసినది, దానికి కటాఫ్ లేదు. పాత బ్యాటరీ అయిపోతుంటే కారు మెల్లగా నీరసపడుతుంది, మనకి తెలుస్తుంది. లిథియం అలా కాదు, చివరి దాకా జోరుగా ఉండి ఒక్కసారి పడిపోతుంది. నేను అది ఆగిపోయే దాకా నడిపాను. కాసేపు ఉంచితే మళ్లీ కొంచెం కదిలింది, మళ్లీ నడిపాను.

మర్నాడు మండల సైన్సు ప్రదర్శన. పగలు కరెంటు లేదు. రాత్రి అందరూ పడుకున్నాక మంచం కింద చార్జి పెట్టాను. చార్జరు లిథియం అని పెడితే తీసుకోలేదు, తప్పు అని అక్షరాలు చూపించింది. నిజానికి అది నన్ను ఆపింది. నేను చార్జరుని నికెల్ రకానికి మార్చాను. అది తీసుకుంది. నాకు సంతోషం వేసింది, తెలివిగా చేశాననుకున్నాను. లిథియం సెల్లుని 4.2 వోల్టుల దగ్గర ఆపేయాలి. నికెల్ రకం చార్జింగుకి ఆ హద్దు తెలియదు, ఎక్కిస్తూనే ఉంటుంది. ముందే పాడైన సెల్లులో ఇలా చేస్తే లోపలి ద్రవం విడిపోయి గ్యాసు పుడుతుంది. సంచీ ఉబ్బుతుంది. ఇంకా ముదిరితే మంట. ఆ మంట నోట్లో ఊదితే ఆరేది కాదు, పొగ కూడా విషం.

ఆయమ్మ రాత్రి తిరుగుతూ తియ్యటి మందు వాసన ఏదో వస్తోందని లైటు వేసింది. బ్యాటరీ చేప పొట్టలాగ ఉబ్బి ఉంది. ఆమె ముందు ప్లగ్గు పీకింది. చేత్తో ముట్టలేదు. చీపురు కర్రతో చెత్త చేటలోకి నెట్టి, బయటికి తీసుకెళ్లి ఇసక బక్కెట్టులో పెట్టి, మమ్మల్ని అందరినీ వరండాలోకి పంపింది. ఆమె ఏ బడికీ పోలేదు. ఆ గదిలో 43 మందిమి పడుకున్నాం. చిన్న చెల్లెళ్లు దుప్పట్లు కప్పుకొని వణుకుతూ నిలబడ్డారు. మంట రాలేదు. రాలేదు గనక ఇది రాస్తున్నాను.

మేము ప్రదర్శనకి పోలేదు. నాతో పాటు పనిచేసిన ఇద్దరి పేర్లు కూడా కొట్టేశారు. వాళ్లు ఆ రాత్రి నిద్రలో ఉన్నారు, వాళ్లకి ఏమీ తెలియదు. ఈ మాట క్షమాపణ కాగితంలో నేను రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. మేడమ్ గారూ, వాళ్ల పేర్ల మీద ఉన్న ఎర్ర గీత తీసేయండి.

ఉబ్బిన బ్యాటరీని గుచ్చకూడదు, నొక్కకూడదు, మళ్లీ చార్జి పెట్టకూడదు, చెత్తలో వెయ్యకూడదు. మనది మాస్టారు విశాఖపట్నం తీసుకెళ్లి పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చారు. ఇప్పుడు చార్జరు ఆఫీసు గదిలో ఉంది. పగలు, మాస్టారు ఉన్నప్పుడు, పాత నికెల్ బ్యాటరీకి మాత్రమే. రెండు నిమిషాలు వస్తుంది. రెండు నిమిషాల్లో ఎనిమిది అంకె ఆకారంలో ఒకటి రెండుసార్లు తిప్పవచ్చు.

పోయిన శనివారం అలా తిప్పుతుంటే ఎడమ మలుపులో మాత్రమే తిరిగిపోతోంది. నేను ఎడమ చక్రం చూస్తున్నాను. మూడు వారాలుగా నాతో మాట్లాడని నా స్నేహితురాలు వచ్చి, "ఎడమది కాదే, కుడి వెనకది చూడు. బస్సు ఎడమకి తిరిగితే మనం ఏ పక్కకి ఒరుగుతాం?" అంది. చూస్తే కుడి వెనక రింగు పగిలి ఉంది. బరువు ఆ పక్కే పడుతుంది కదా.

63 మిల్లీమీటర్ల గొట్టం ముక్క ఎవరికైనా దొరికితే పారేయకండి, అరచెయ్యి పొడవు ఉంటే చాలు. శనివారం సాయంత్రం భోజనశాల తుడిచి ఆరాక మేము ముగ్గురం అక్కడే ఉంటాం.

— 9వ తరగతి విద్యార్థిని