కాసేపు నిద్రపోయే రియాక్టరు

తరగతిలోకి ఎవరు వచ్చినా, లీడరు వెంటనే అందరినీ లెక్కపెట్టి నల్లబల్ల మీద హాజరు సంఖ్య దిద్దాలని నియమం పెట్టామనుకోండి. ఒకరిద్దరు వస్తే సరే. ప్రార్థన ముగిసి అందరూ బిలబిలమంటూ వస్తే? "కాసేపు ఆగు, అందరూ కూర్చున్నాక ఒక్కసారే లెక్కపెట్టు" అంటాము.

ఇంజనీర్లు కంప్యూటరు మీద పటాలు గీసే ఆటోకాడ్‌లోనూ ఇలాంటి లీడరు ఉంటాడు. ఆటోలిస్ప్ భాషలో వ్రాసుకునే ఆ ఏర్పాటును రియాక్టరు అంటారు. (అణువిద్యుత్ కేంద్రపు రియాక్టరుకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు!) ఫలానా బొమ్మ మారితే ఫలానా పని చెయ్యమని ముందే చెప్పి ఉంచుతాము. మార్పు జరగగానే దానంతట అదే నడిచే ఆ పని పేరు కాల్‌బ్యాక్.

ఒక ఇనుప పలక పటంలో 5 మి.మీ. వ్యాసార్థం గల రంధ్రాలు 500 ఉన్నాయి. ఏ రంధ్రం మారినా కాల్‌బ్యాక్ అన్నిటి వైశాల్యాలూ కూడి, మొత్తాన్ని పటం మూలన వ్రాస్తుంది. ఇప్పుడది 39,270 చ.మి.మీ. అని ఉంది. రంధ్రాలన్నిటినీ 6 మి.మీ.కు పెంచే ప్రోగ్రాము నడిపితే 500 మార్పులు, మార్పుకు 500 వైశాల్యాలు; వెరసి 2,50,000 లెక్కలు! పనికివచ్చేది ఆఖరి మొత్తం ఒక్కటే.

అందుకని మొదట 'వి.ఎల్.ఆర్.-రిమూవ్' అని ఆజ్ఞ ఇస్తారు. పేరు చూసి రియాక్టరు పోయిందనుకోకండి, నిద్రపోతుందంతే. పని అయ్యాక 'వి.ఎల్.ఆర్.-యాడ్' దాన్ని లేపుతుంది. కాని నిద్రలో జరిగిన మార్పులేవీ దానికి తెలియవు. లేపిన తరువాత మొత్తాన్ని మనమే ఒకసారి లెక్కకట్టించాలి.

అసలు చిక్కు ఇక్కడ లేదు. 300వ రంధ్రం, ఎవరూ మార్చకుండా తాళం వేసిన లేయరులో ఉందనుకోండి. ప్రోగ్రాము అక్కడే తప్పు చూపి ఆగిపోతుంది. లేపే ఆజ్ఞ దాకా రానే రాదు! 299 రంధ్రాలు పెరిగాయి. నిజమైన మొత్తం సుమారు 49,603. మూలన మాత్రం పాత 39,270 అలాగే ఉంటుంది. మీరే 299ని 36తోనూ, 201ని 25తోనూ హెచ్చవేసి కూడి, π చేత గుణించి చూడండి. తరువాత మరో రంధ్రాన్ని చేత్తో మార్చినా ఆ అంకె కదలదు. దాన్ని నమ్మి పలక బరువు కట్టినవాడి గతి ఏమిటి?

కనుక తప్పు జరిగితే నడిచే 'ఎర్రర్' భాగంలో కూడా లేపే ఆజ్ఞనూ, లెక్కకట్టే ఆజ్ఞనూ వ్రాయాలి. అన్ని రియాక్టర్లనూ ఒకే దెబ్బకు నిద్రపుచ్చే ఆజ్ఞ కూడా ఉంది గాని, అది ఇతరులు పెట్టుకున్నవాటినీ ఆపుతుంది; నేనైతే దాని జోలికి పోను. ఇంకొక సంగతి: నిద్రపుచ్చే ముందు అది మేలుకొని ఉన్నదో లేదో 'వి.ఎల్.ఆర్.-యాడెడ్-పి' అని అడిగి గుర్తుంచుకోవాలి. మనకంటే ముందే ఎవరో నిద్రపుచ్చి ఉంటే, దాన్ని లేపే పని మనది కాదు.