పంచాయతీ కెమెరా: చిక్కులు, సవరణలు

గోడ లేచిన పిదప పునాది కనబడదు. మురుగు కాలువపై పలకలు పరచిన పిదప అడుగున వేసిన కాంక్రీటు మందమును ఎవరును చూడజాలరు. పని మట్టిలో మరుగుపడక ముందు తీసిన ఛాయాచిత్రమే అట్టి చోట్ల గ్రామమునకు మిగులు సాక్ష్యము. నేడు చేతిఫోనుతో చిత్రములు తీయుట వాడుకయైనను, కొన్ని కార్యాలయముల బీరువాలలో చిన్న డిజిటల్ కెమెరా ఇంకను ఉన్నది. అది పనిచేయకున్న వెంటనే చెడిపోయినదని మూలబెట్టరాదు. చాలవరకు లోపము యంత్రమునందు గాక బ్యాటరీయందో, కార్డునందో, మన వాడుకయందో ఉండును.

కెమెరా వెలుగనప్పుడు

మొదట బ్యాటరీని చూడవలెను. దానిని తీసి, లోహపు కొనలను పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా చార్జి చేసి మరల అమర్చవలెను. పెన్సిల్ సెల్లులతో నడచు కెమెరాలో గోడ గడియారమునకు వాడు చౌక సెల్లులు వేసినచో, అవి నాలుగు చిత్రములకే నీరసించును. కటకము కదలుటకును, ఫ్లాష్ వెలుగుటకును ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు కావలెను. చార్జి చేయదగిన నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు దీనికి తగినవి. పాతది ఒకటి, క్రొత్తది ఒకటి కలిపి వేయరాదు. ఉబ్బిన లిథియం బ్యాటరీని వాడరాదు, పొడవరాదు, నిప్పులో వేయరాదు.

కార్డు పలుకనప్పుడు

ఎస్.డి. కార్డు ప్రక్కన చిన్న మీట ఉండును. అది తాళపు స్థానమునకు జరిగినచో క్రొత్త చిత్రము నిలువదు. దానిని వెనుకకు జరిపిన చాలును. 2 జి.బి.కి మించి 32 జి.బి. వరకు పట్టు ఎస్.డి.హెచ్.సి. రకము 2006లో వచ్చినది. అంతకు ముందటి కెమెరాలలో పెక్కింటికి ఆ కార్డులను చదువు శక్తి లేదు. కావున కార్డు కొనునపుడు కెమెరాను వెంట తీసికొనిపోవుట మేలు.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. కార్డును ఫార్మాట్ చేయవలెనా అని కెమెరా అడిగినప్పుడు సరేయని నొక్కరాదు. మేమెరిగిన ఒక గ్రామమున కల్వర్టు పునాది చిత్రములు తీసిన మరునాడే ఇట్లు నొక్కిరి. అటుపై అదే కార్డుపై ఉత్సవపు చిత్రములు తీసిరి. బిల్లు సమయమున పునాది లోతుపై వివాదము లేచినది. చూపుటకు చిత్రము లేదు. తుదకు ఒక ప్రక్క త్రవ్వి చూపవలసివచ్చినది. ఫార్మాట్ చేసినప్పుడు సాధారణముగా చెరిగిపోవునది విషయసూచిక మాత్రమే; వాటిపై క్రొత్తవి పడువరకు పాత చిత్రములు కార్డులోనే ఉండును. అందుచేత పొరపాటు జరిగిన క్షణముననే కార్డును బయటికి తీసి, మరి వాడక, కంప్యూటరు తెలిసినవారికి ఇచ్చినచో అవి తిరిగి దొరకు అవకాశము కలదు.

చిత్రము మసకగా వచ్చినప్పుడు

బొత్తామును సగము నొక్కి, కెమెరా దూరమును సరిచూచుకొనునంతవరకు ఆగి, తరువాత పూర్తిగా నొక్కవలెను. కొలత టేపు అంకెలవంటి దగ్గరి వస్తువులకు పువ్వు గుర్తును ఎంచుకొనవలెను. వెలుతురు తక్కువైనచో మోచేతులను గోడకు ఆనించవలెను. చిన్న ఫ్లాష్ వెలుగు ఇంచుమించు 3 మీటర్లకే చాలును. రాత్రి సభలో వెనుక వరుసలు చీకటిగా వచ్చుటకు కారణమిదియే. సూర్యుడు మన వెనుక ఉండునట్లు నిలువవలెను.

తేదీ తప్పినప్పుడు

బ్యాటరీ లేక కొన్నాళ్లు ఉన్న కెమెరా తేదీని మరచును. తప్పు తేదీ పడిన చిత్రము సాక్ష్యముగా నిలువదు, సందేహమునకే తావిచ్చును. పనికి పోకముందే తేదీ సరిచూడవలెను. ఒక పలకపై పని పేరు, స్థలము, తేదీ వ్రాసి, కొలత టేపుతోపాటు చిత్రములో కనబడునట్లు ఉంచినచో మరింత భద్రము.

కటకము బిగిసినప్పుడు

గొట్టపు సందులలో ఇసుక చేరినచో కటకము సగములో ఆగిపోవును. చేతితో లాగరాదు. కెమెరా ఆపి, బ్యాటరీ తీసి, మెత్తని కుంచెతో ఇసుక దులిపి, రబ్బరు బుడ్డితో గాలి ఊది మరల చూడవలెను. అప్పటికిని కదలనిచో మరమ్మతు తెలిసినవారికి అప్పగించవలెను. ఇంటిలో విప్పుట అపాయము. ఫ్లాష్ కొరకు లోపల నిలువయుండు విద్యుత్తు సుమారు 300 వోల్టుల వరకు ఉండును. బ్యాటరీ తీసిన తరువాతను అది కొంతసేపు షాకు కొట్టగలదు.

వానకాలమున తేమకు కటకముపై బూజు పట్టును. సిలికా జెల్ పొట్లముతో మూత బిగువైన డబ్బాలో కెమెరాను ఉంచవలెను. చాలకాలము వాడనిచో సెల్లులు తీసివేయవలెను.

తీసిన నాడే చిత్రములను కంప్యూటరులోనికిని, వేరొక చోటికిని ఎక్కించి, ఆ వివరము రిజిష్టరులో వ్రాయించుడు. సభ్యులలో ఇద్దరైనను కెమెరా వాడుక నేర్చుకొనుట అవసరము. గ్రామపు సొమ్ము ఎచ్చట, ఎట్లు వ్యయమైనదో గ్రామసభలో అడిగినవారికి చూపగలుగుట మనందరి బాధ్యత. ఆ బాధ్యతకు ఈ చిన్న యంత్రము చక్కని తోడు.