దూరసంచార యంత్రములు – దేశరక్షణ
జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

ఊరికి రోడ్డు వచ్చినచో దాని మీద చుట్టమును రావచ్చును, దొంగయు రావచ్చును. అందుచేత రోడ్డే వద్దని ఎవ్వరును అనరు. పొలిమేరలో కావలి పెట్టుకొందురు. నేడు మన గ్రామములకు మరియొక రోడ్డు వచ్చినది. అది కంటికి కనిపించదు. సెల్ టవరు నుండి వెలువడు తరంగములుగాను, భూమిలో పాతిన గాజుతీగగాను అది మన ఇండ్లలోనికి ప్రవేశించినది. రేషను దుకాణములో వేలిముద్ర వేయునపుడును, పంచాయతీ లెక్కలు ఈ-గ్రామస్వరాజ్‌లో నమోదు చేయునపుడును, ఆపదలో 108 నంబరుకు ఫోను చేయునపుడును మనము ఈ రోడ్డు మీదనే నడచుచున్నాము. దీనికి కావలి ఎవరు? ఆ కావలికి ప్రభుత్వము చేసిన ఏర్పాటులేమి? అందులో పంచాయతీ సభ్యుని వంతు ఎంత? ఈ మూడు ప్రశ్నలను ఈ పాఠములో విచారింతము.

మన జిల్లాలకు దీనితో నిమిత్తమేమి?

ఇది ఢిల్లీవారి వ్యవహారమని కొందరు తలంపవచ్చును. అది సరికాదు. సికింద్రాబాదు–కాజీపేట రైలుమార్గము జనగామ మీదుగాను, కాజీపేట–విజయవాడ మార్గము మహబూబాబాదు మీదుగాను పోవుచున్నవి. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులును, చెల్పూరు వద్ద 1100 మెగావాట్ల కాకతీయ తాపవిద్యుత్ కేంద్రమును కలవు. రైళ్ళ నడక, విద్యుత్ ప్రసారము, బ్యాంకుల వ్యవహారము అన్నియు సమాచార సాధనముల మీద ఆధారపడియున్నవి. ఆ సాధనములు చెడినచో ఆగునది మాట ఒక్కటే కాదు. బోరుబావి మోటారు కూడ ఆగవచ్చును. 2021 మార్చిలో కేంద్రప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ మన రాష్ట్ర విద్యుత్ ప్రసార సంస్థకు, విదేశము నుండి కంప్యూటర్లలో చొరబడు యత్నము జరుగుచున్నదని హెచ్చరిక పంపగా, ఆ సంస్థ వెంటనే జాగ్రత్తలు తీసికొన్నది. కనుక ఈ అపాయము కేవలము ఊహ కాదు.

యంత్రము లోపల ఏమున్నది?

చెరువును తలచుకొనుడు. చెరువు, తూము, పెద్దకాలువ, పిల్లకాలువలు కలిసి ఒక వ్యవస్థ. ఒక పిల్లకాలువ తెగినచో నాలుగు మడులు ఎండును. తూము పరాధీనమైనచో ఆయకట్టు అంతయు ఎండును. దూరసంచార వ్యవస్థయు ఇట్టిదే. మన ఊరి టవరు పిల్లకాలువ వంటిది. ఏ పిలుపు ఎవరికి పోవలెనో, ఎవరు ఎచట ఉన్నారో నిర్ణయించు కేంద్రయంత్రములు తూము వంటివి. ఆ తూము దగ్గర నిలుచు నీరటికాడు నమ్మకస్తుడు కావలెను గదా!

ఈ యంత్రములలో మరియొక విశేషము కలదు. నాగలి కొన్న తరువాత కమ్మరికి దానితో పని తీరును. దూరసంచార యంత్రము అట్లు కాదు. అమ్మిన కంపెనీ దానిని నడిపించు సాఫ్ట్‌వేరును మరల మరల మార్చి దూరము నుండియే పంపుచుండును. కొన్ననాడు పరీక్షించిన యంత్రము ఏడాది తిరుగునప్పటికి లోపల వేరొక యంత్రముగా మారియుండవచ్చును. కనుక వస్తువును ఒకమారు పరీక్షించుట చాలదు. దానిని చేసినవాడు నమ్మదగినవాడా అని కూడ చూడవలెను.

మిరప, ప్రత్తి రైతులకు ఈ విషయము వేరుగా చెప్పనక్కరలేదు. మంచి విత్తనమును కల్తీ విత్తనమును పైకి ఒకే రీతిగా కనిపించును. పూత నిలువకపోయినపుడు గాని మోసము తెలియదు. అందుచేతనే తెలిసిన రైతు గింజను చూచుటతో ఆగక, ఎవరు తయారు చేసినారు, పరీక్ష జరిగినదా, రశీదు ఉన్నదా అని అడుగును. దేశము కూడ నేడు ఈ ప్రశ్నలనే అడుగుచున్నది.

ఇతర దేశముల అనుభవము

ప్రపంచములో ఈ యంత్రములను పెద్దయెత్తున చేయు కంపెనీలు కొలదియే. వానిలో చైనా దేశపు హువావే, జెడ్‌టీఈ కంపెనీలు తక్కువ ధరకు అమ్మి అనేక దేశములలో వ్యాపించినవి. 2017లో చైనా చేసిన జాతీయ గూఢచార చట్టము ప్రకారము ఆ దేశపు సంస్థలు గూఢచార కార్యములకు తోడ్పడవలసియున్నది. ఇది ఇతర దేశములకు అనుమానము కలిగించినది. తాము ఎన్నడును అట్టి పని చేయలేదని ఆ కంపెనీలు చెప్పుచున్నవి. అయినను రేపు చేయవలసివచ్చినచో కాదనగలరా అనునదే ప్రశ్న.

ఆస్ట్రేలియా 2018 ఆగస్టులో 5జీ వ్యవస్థ నుండి ఇట్టి కంపెనీలను తొలగించినది. 2027 చివరికి హువావే యంత్రములను 5జీ నుండి పూర్తిగా తీసివేయవలెనని 2020 జూలైలో బ్రిటను నిర్ణయించినది. అమెరికా 2020లో చట్టము చేసి, అమర్చిన యంత్రములను పీకివేసి క్రొత్తవి పెట్టుటకు మొదట 190 కోట్ల డాలర్లు కేటాయించినది. అది చాలక 2024 డిసెంబరులో మరి సుమారు 300 కోట్ల డాలర్లు మంజూరు చేయవలసివచ్చినది. ఈ కష్టము ఎక్కువగా పల్లెలకు ఫోను సౌకర్యము కల్పించు చిన్న కంపెనీలకు కలిగినది. చవుకగా వచ్చినదని కొన్నది వారే; పీకివేయవలసివచ్చినదియు వారే. ఈ ముక్కను పంచాయతీ సభ్యులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగును.

మన దేశములో జరిగినది

స్వతంత్ర భారతము 1948లోనే బెంగుళూరులో టెలిఫోను యంత్రముల కర్మాగారమును స్థాపించినది. 1984లో సీ-డాట్ సంస్థ ఏర్పడినది. అది మన ఎండకు, దుమ్ముకు తట్టుకొని, చల్లదనపు యంత్రము లేకయే పనిచేయు గ్రామీణ ఎక్స్ఛేంజిని నిర్మించి, 1986లో కర్ణాటకలోని కిత్తూరులో నెలకొల్పినది. ఊరూర ఫోను మ్రోగుటకు ఆ యంత్రమే దారి చూపినది. తరువాత సెల్ ఫోనుల కాలములో మనము ఎక్కువగా విదేశ యంత్రముల మీదనే ఆధారపడితిమి.

2011లో ప్రభుత్వము ఫోను కంపెనీల లైసెన్సులలో భద్రతా షరతులను చేర్చినది. 2017లో దూరసంచార పరికరములకు నిర్బంధ పరీక్ష, ధ్రువీకరణ పద్ధతిని నిర్ణయించినది. 2020 జూన్ 15 రాత్రి గల్వాను లోయలో మన సైనికులు 20 మంది ప్రాణములు అర్పించిరి. వారి నాయకుడు కర్నలు సంతోష్‌బాబు మన పొరుగున ఉన్న సూర్యాపేట వాస్తవ్యుడు. ఆ తరువాత ఈ విషయమున ఆలోచన తీవ్రమైనది. 2020 డిసెంబరు 16న కేంద్ర మంత్రివర్గపు భద్రతా సంఘము దూరసంచార రంగమునకు జాతీయ భద్రతా నిర్దేశమును ఆమోదించినది. 2021 జూన్ 15 నుండి అది అమలులోనికి వచ్చినది.

దాని పద్ధతి ఇది. ఫోను కంపెనీ క్రొత్త యంత్రమును తన వ్యవస్థలో కలుపుటకు ముందు దాని వివరములను, దానిని చేసినవారి వివరములను, లోపలి ముఖ్య భాగములు ఎచటినుండి వచ్చినవో ఆ వివరములను ప్రభుత్వమునకు తెలుపవలెను. ఉప జాతీయ భద్రతా సలహాదారు అధ్యక్షతన గల సంఘము పరిశీలించిన మీదట, జాతీయ సైబర్ భద్రతా సమన్వయాధికారి అనుమతి ఇచ్చును. అట్లు అంగీకరింపబడినవారే “విశ్వసనీయ మూలములు”. ఈ నిర్దేశములో ఏ దేశము పేరును లేదు. పరీక్ష అందరికిని ఒకటే. అప్పటికే అమర్చియున్న యంత్రములను పీకివేయుమని కూడ ఇది ఆజ్ఞాపింపలేదు.

చెల్లించిన మూల్యము

రక్షణ ఊరక రాదు. 2020 జూలైలో బీఎస్ఎన్ఎల్ తన 4జీ యంత్రముల టెండరును రద్దు చేసికొన్నది. స్వదేశ యంత్రములే వాడవలెనని నిశ్చయించి, సీ-డాట్, తేజస్, టీసీఎస్ సంస్థల కృషితో వానిని తయారు చేయించినది. 2025 సెప్టెంబరు 27న సుమారు 97,500 టవర్లతో ఆ స్వదేశ 4జీ ప్రారంభమైనది. అనగా ఐదు సంవత్సరములు గడచినవి. ఈలోగా ప్రైవేటు కంపెనీలు 2022 అక్టోబరు నుండి పట్టణములలో 5జీ ప్రారంభించినవి. నిరీక్షణ భారము ప్రభుత్వ టవరు తప్ప వేరు దిక్కు లేని అడవి పల్లెల మీద పడినదని ఒప్పుకొనుట న్యాయము. మిక్కిలి లోపలి గ్రామములలో ఫోను కలియుటకు గుట్ట ఎక్కినవారికి ఆ ఐదేండ్లు ఎంత దీర్ఘమో చెప్పనక్కరలేదు. ఫోను సౌకర్యము లేని 24,680 గ్రామములకు 4జీ కల్పించుటకు 2022 జూలైలో 26,316 కోట్ల రూపాయల పథకము ఆమోదింపబడినది.

అయినను లాభమును కూడ లెక్కింపవలెను. ఇట్టి యంత్రములను స్వయముగా చేయగల దేశములు ప్రపంచమున వ్రేళ్ళ మీద లెక్కింపదగినన్ని మాత్రమే. వానిలో మనదియు ఒకటైనది. తూము తాళము మన చేతిలోనికి వచ్చినది. ఆలస్యమునకు గురియైన గ్రామములకు ముందుగా సౌకర్యము అందించినపుడే ఈ లాభము సంపూర్ణమగును.

పంచాయతీ చేయవలసినది

టవరులో ఏ యంత్రము పెట్టవలెనో సర్పంచి నిర్ణయింపడు. కాని ఈ క్రింది పనులు పంచాయతీ చేతిలోనివే.

ఒకటి: గ్రామములో సీసీ కెమెరాలు కొనునపుడు ధర ఒక్కటే చూడరాదు. 2025 ఏప్రిల్ 9 నుండి ఇట్టి కెమెరాలకు భద్రతా పరీక్ష నిర్బంధము. ఆ ధ్రువపత్రము చూపుమని అమ్మకందారును అడిగి, దాని ప్రతిని దస్త్రములో ఉంచవలెను. కెమెరాతో వచ్చిన సంకేతపదమును అమర్చిననాడే మార్చవలెను. చిత్రములు ఎచట నిలువయుండునో, ఎవరు చూడగలరో తీర్మానములో వ్రాయవలెను. ఆడపిల్లలు నడచు దారి చిత్రములు ఎవరి చేతనో పడినచో ఆ కావలియే దొంగయగును.

రెండు: పంచాయతీ కార్యాలయమునకు వైఫై పెట్టె వంటివి కొనునపుడు కూడ ధ్రువీకరణ చూడవలెను. రశీదు లేని వస్తువు కొనరాదు.

మూడు: మురుగుకాలువలు, పైపులు త్రవ్వునపుడు గాజుతీగలు తెగుచున్నవి. శత్రువు చేయవలసిన పని మన గునపము చేయుచున్నది! త్రవ్వుటకు ముందు తీగల యజమానులకు తెలుపుటకై 2023 మార్చిలో “కాల్ బిఫోర్ యు డిగ్” అను సాధనము ఏర్పడినది. గుత్తేదారుచేత దానిని వాడించవలెను.

నాలుగు: ఈ నిబంధనలు వ్యవస్థలోని యంత్రములకే గాని ప్రజల చేతులలోని ఫోనులకు కావు. ఏ దేశపు ఫోను ఉన్నదని తోటివానిని నిందించుట, దుకాణదారును బెదరించుట దేశభక్తి కాదు. అట్టి వదంతులను గ్రామ పెద్దలు ఆదిలోనే ఆపవలెను.

కావలి అనగా తలుపు మూసికొని కూర్చుండుట కాదు. వచ్చువారెవరో తెలిసికొని తలుపు తీయుట. అడిగి కొనుట, చూచి అమర్చుట, వ్రాసి ఉంచుట – ఈ మూడు అలవాట్లు గల పంచాయతీ, దేశపు పొలిమేరకు కూడ కావలి కాయుచున్నట్లే.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన పంచాయతీలో అమర్చిన కెమెరాల సంకేతపదము ఎవరి వద్ద ఉన్నది? దానిని ఎప్పుడు మార్చితిమి?
2. మన ఊరి ఏ వాడలో నేటికిని ఫోను కలియుట లేదు? ఆ విషయమును వ్రాతమూలకముగా ఎవరికి తెలిపితిమి?
3. గడచిన ఏడాది మన త్రవ్వకములలో గాజుతీగ ఎన్నిమార్లు తెగినది?
4. చవుకగా దొరకు పరికరమునకును, పరీక్షింపబడిన పరికరమునకును ధరలో భేదమున్నచో పంచాయతీ దేనిని ఎన్నుకొనవలెను? ఏల?