మన నీళ్ళు ఆమ్లమా, క్షారమా?

"మా బోరు నీళ్ళు తాగవచ్చా అమ్మా?" అని ఓ.పి.లో మమ్మల్ని చాలామంది అడుగుతుంటారు. నీటి పరీక్షలో చూసే వాటిలో ఒకటి పి.హెచ్. దీనికి 0 నుండి 14 వరకు అంకెలుంటాయి. 7 తటస్థం. అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఒక్క అంకె తేడా వస్తే బలం పది రెట్లు మారుతుంది. నిమ్మరసం 2 దరిదాపుల్లో ఉంటుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం 6.5 నుండి 8.5.

ఇంట్లో చేసే పరీక్ష

తెల్ల కాగితానికి తడి పసుపు రాసి ఆరబెట్టండి. సబ్బు నీళ్ళు గాని, సున్నపు తేట గాని చుక్క వేస్తే ఎర్రబడుతుంది. అది క్షారానికి గుర్తు. నిమ్మరసానికి పసుపు రంగు మారదు. ఆమ్లం తెలియాలంటే నీలి లిట్మస్ కాగితం కావాలి, అది ఎర్రబడుతుంది. ఏదైనా సరే, నాలుకతో రుచి చూసి పరీక్షించకండి.

మరువకూడనివి

పి.హెచ్ 7 ఉన్నంత మాత్రాన నీరు మంచిదని కాదు. విరేచనాలు తెచ్చే క్రిములు, ఫ్లోరైడ్ ఇందులో తెలియవు. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. దానికి ల్యాబ్‌లో వేరే పరీక్ష చేయించాలి.

బాత్‌రూం యాసిడ్, కాస్టిక్ సోడా నీళ్ళ సీసాల్లో పోసి ఉంచకండి. బిడ్డ పొరపాటున మింగితే వాంతి చేయించకండి. విరుగుడని నిమ్మరసం గాని, వంట సోడా గాని పట్టకండి, హాని ఎక్కువవుతుంది. కంట్లో పడితే వెంటనే శుభ్రమైన నీళ్ళతో కనీసం 20 నిమిషాలు కడగండి. ఆ సీసాతో సహా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి.